బిగిస్తే ఎక్కదు, వదిలితే గేరు పడదు: పాత జీపు క్లచ్ గోల

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. నాది 1994 మోడల్ మహీంద్రా జీపు, ప్యూజో డీజిల్ ఇంజిన్. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి టూరిస్టులను తిప్పుతుంటాను. మూడు నెలల కిందట క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కొత్తవి వేయించాను. ఒక నెల బాగానే ఉంది. ఆ తర్వాత వారానికోసారి క్లచ్ నట్టు బిగించాల్సి వస్తోంది. లేకపోతే పెడల్ సగం దాకా ఊరికే పోతుంది, రివర్స్ వేస్తే గరగరమంటుంది. బిగిస్తే గేరు పడుతుంది కానీ, జనంతో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. ఒక మెకానిక్ ఇంకా బిగించాలంటాడు. ఇంకొకాయన వదలాలంటాడు. మూడో ఆయన ప్లేటు నాసిరకం, సెట్టు మళ్లీ మార్చాల్సిందే అంటున్నాడు. సీజన్ దగ్గరకొచ్చింది, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి? దారిలో క్లచ్ తీగ తెగితే ఏం చేయాలో కూడా చెప్పండి.
ఒక డ్రైవరు, వయసు 26, అరకు దారి

జవాబు: తమ్ముడూ, వయసు 26 అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ప్రస్తుతానికి ముగ్గురి మాటా పక్కన పెట్టు. ముఖ్యంగా మూడో ఆయన మాట విని ఇప్పుడే సెట్టు కొనకు. కొత్త సెట్టు వేసినా ఇంకో నెలకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తావు. నీ జబ్బేమిటో సగం నీ ఉత్తరంలోనే ఉంది. "వారానికోసారి బిగించాల్సి వస్తోంది" అన్నావు చూడు, అదే.

క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకో. ప్లేటు పలచబడితే దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) వైపు జరుగుతుంది. అది ముందుకు జరిగితే దాని ఫింగర్లు (వేళ్లలాంటి మీటలు) వెనక్కి, అంటే పెడల్ తొక్కినప్పుడు వాటిని నొక్కే రిలీజ్ బేరింగు వైపు వస్తాయి. దాంతో ఫింగర్లకీ బేరింగుకీ మధ్య ఉన్న ఖాళీ తగ్గుతుంది, పైన పెడల్ దగ్గర ఆట, అంటే పెడల్ తేలిగ్గా ఊరికే పోయే దూరం, తగ్గుతుంది. ఆ ఆట పూర్తిగా పోకముందే నట్టు కాస్త వదలాలి. మామూలుగా అరిగే క్లచ్ మనల్ని నట్టు వదలమంటుంది. నీది బిగించమంటోంది. పెడల్ ఆట తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. అంటే అరుగుతున్నదో, వంగుతున్నదో, విరుగుతున్నదో ఏదో ఒకటి గేర్‌బాక్సు ముందున్న డబ్బాలో ప్లేటు దగ్గర కాదు, నీ కాలికీ, బేరింగును తోసే ఫోర్కుకీ మధ్య ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. అందరూ నట్టునే చూశారు.

ఇంత చిన్న అరుగుదలకు అంత పెద్ద గోలా అనుకుంటావేమో. లెక్క చూడు. పెడల్ దగ్గర అంగుళం ఆట ఉంటే బేరింగు దగ్గర అది సుమారు 2 మిల్లీమీటర్లే. పెడల్ మొత్తం నొక్కినా ప్లేటుకి రెండు వైపులా దొరికే ఖాళీ కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లను మించదు. ఇప్పుడు పెడల్ పిన్ను దగ్గర కొంచెం, క్రాస్ షాఫ్ట్ (పెడల్ కదలికను ఫోర్కు వైపు అందించే అడ్డ కడ్డీ) గుండు దగ్గర ఇంకొంచెం, ఫోర్కు కింద మరికొంచెం లూజు ఉందనుకో. విడివిడిగా చూస్తే ఏదీ లెక్కలోకి రాదు. మూడూ కలిస్తే మాత్రం నీ కాలు నేలకు ఆనేసరికి ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌ని రాసుకుంటూనే ఉంటుంది. రివర్స్ గరగర అందుకే. రివర్స్ గేరుకి సింక్రో (గేరు పడేముందు పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు కనుక క్లచ్ పూర్తిగా వదలకపోతే ముందు అరిచేది అదే.

గేర్‌బాక్సు మీద అనుమానం రాకుండా ఒక చిన్న పరీక్ష చెయ్యి. ఇంజిన్ ఆపి రివర్స్ వెయ్యి, నెమ్మదిగా పడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ నేలకు తొక్కి, 5 అంకెలు లెక్కపెట్టి అప్పుడు వెయ్యి. అయిదు లెక్కపెట్టాక చప్పుడు లేకుండా పడితే క్లచ్ ఎంతోకొంత వదులుతోందన్నమాట. పది లెక్కపెట్టినా గరగరమంటే వదలడం లేదు.

ఇక రెండో సంగతి. గేరు పడనంతగా వదలని క్లచ్, ఎక్కుడులో పట్టు లేకుండా జారడమేమిటి? ఈ రెండూ ఒకే బండిలో ఉంటే నా అనుభవంలో చేయి ముందుగా ఇంజిన్ ఫౌండేషన్ల (ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మల) మీదికి పోతుంది. మీ బండి కట్టుబడి తాతల కాలం నాటిది. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ వాళ్లు తయారు చేసిన జీపు ఎముకలే, మార్పులతో, మన మహీంద్రా జీపుల్లోకి వచ్చాయి. అందులో పెడల్ ఉండేది చాసిస్ మీద, ఫోర్కు ఉండేది ఇంజిన్‌కు బిగించిన బెల్ హౌసింగ్, అంటే క్లచ్ డబ్బా మీద. ఈ రెంటి మధ్య వంతెన క్రాస్ షాఫ్ట్. దానికి ఒక చివర గుండు చాసిస్ వైపు, ఇంకో చివర గుండు ఇంజిన్ వైపు. రబ్బరు ఫౌండేషన్లు బాగుంటే ఇంజిన్ కాస్త ఊగినా ఈ వంతెన సర్దుకుంటుంది. రబ్బరు విడిపోయిందనుకో, ఎక్కుడులో మొదటి గేరులో జనంతో లాగేటప్పుడు ఇంజిన్ ఒక పక్కకు లేచి తిరగబోతుంది. అలా లేచినప్పుడు ఎవరూ తొక్కకుండానే తీగ లాగుతుంది. పైగా నువ్వు నట్టు బిగించి ఆట మొత్తం తినేశావు కాబట్టి ఆ లాగుడు నేరుగా బేరింగు మీదికి, అక్కడి నుంచి ఫింగర్ల మీదికి పోతుంది. అది హాఫ్ క్లచ్‌తో బండి నడిపినట్టే. నీ కాలు మాత్రం పెడల్ మీద లేదు, అంతే తేడా. నిలబడినప్పుడు ఇంజిన్ మళ్లీ దాని చోట కూర్చుంటుంది, తీగ వదులవుతుంది, రివర్స్ గరగరమంటుంది.

పాత విల్లీస్ జీపుల్లో ఇంజిన్ ముందుకీ వెనక్కీ కదలకుండా చాసిస్‌కి ఒక తీగ కట్టి ఉండేది. ఇంజిన్ కదలిక క్లచ్‌ని ఎంత ఇబ్బంది పెడుతుందో ఆ రోజుల్లోనే వాళ్లకు తెలుసు. మన దగ్గర చాలా బళ్లలో దాన్ని ఎందుకూ పనికిరాదని కోసి పారేశారు.

ఫౌండేషన్ చూడటానికి షెడ్డుకి పోనక్కర్లేదు. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టు. బానెట్ ఎత్తు. నమ్మకమైన మనిషిని సీట్లో కూర్చోబెట్టి, ఒక కాలు బ్రేకు మీద గట్టిగా పెట్టమని, మొదటి గేరులో క్లచ్ ఒక్క క్షణం కొద్దిగా వదిలి మళ్లీ తొక్కమను. తర్వాత రివర్స్‌లో అలాగే. నువ్వు పక్కన నిలబడు, బండికి ముందూ వెనకా కాదు. ఇంజిన్ కొంచెం కదలడం మామూలే. వేలు లావున పైకి లేచి దబ్బున పడుతుంటే రబ్బరు అయిపోయినట్టే. గేర్‌బాక్సు కింద ఉండే రబ్బరు కూడా చూడు, అందరూ ముందువి మార్చి దాన్ని వదిలేస్తారు. డీజిల్, ఇంజిన్ ఆయిల్ కారి తడిసిన రబ్బరు పైకి బాగానే కనిపిస్తూ లోపల బెల్లం పాకంలా మెత్తబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు.

కిందికి దూరే ముందు ఒక మాట. పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు, గేర్‌బాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి ఉంటుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపితే ఆ బ్రేకు పనిచెయ్యదు. లేచిన చక్రం ఉల్టా తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. మీ వైపు చదునైన నేల దొరకడమే కష్టం. జీపు ఎలాగూ ఎత్తుగానే ఉంటుంది, జాకీ లేకుండానే దూరవచ్చు. రాళ్లు మాత్రం మరవకు.

ఇప్పుడు అసలు వెతుకులాట. ఇంజిన్ ఆపేసి కిందికి దూరి, పైన మనిషిని పెడల్ మెల్లగా తొక్కి వదులుతూ ఉండమను. టార్చి వేసి పెడల్ దగ్గర మొదలుపెట్టి ఫోర్కు దాకా కళ్లతో నడువు. ప్రతి కీలు దగ్గరా ఒకటే ప్రశ్న: ఇది కదిలిన వెంటనే తర్వాతది కదిలిందా, లేక మధ్యలో కాస్త ఆలస్యమైందా? ఆలస్యమైన చోట నీ అంగుళం పోతోంది. పెడల్ షాఫ్ట్ బుష్‌లో పెడల్ పక్కకు ఊగుతోందేమో చూడు. పిన్నులు గుండ్రంగా ఉన్నాయా, మధ్యలో నడుములా అరిగాయా? రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయా? క్రాస్ షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. గుండు, దాని గిన్నె గ్రీజు చూసి ఎన్నేళ్లయిందో. మీ దారిలో వాగు నీళ్లు, ఎర్రమట్టి కలిసి అక్కడ సానబట్టే రాయిలా పనిచేస్తాయి. నా లెక్కలో ఇలాంటి బళ్లలో ఎక్కువసార్లు దొరికే దొంగ ఈ గుండే. లేత్ షాపులో కొత్త గుండు చేయించవచ్చు, లేదా వెల్డింగ్ పోసి తిప్పించవచ్చు. అరిగిన గిన్నెలో కొత్త గుండు వేస్తే మళ్లీ నెల రోజులే, రెండూ కలిపి చెయ్యాలి.

తీగ సంగతి. కొన్ని బళ్లలో క్రాస్ షాఫ్ట్ నుంచి ఫోర్కుకి పొట్టి తీగ ఉంటుంది, కొన్నింటిలో కడ్డీ. తీగైతే చివర బిళ్ల దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయేమో గుడ్డ పెట్టి తుడిచి చూడు. చేత్తో తడమకు, సూదుల్లా గుచ్చుకుంటాయి. తెగుతున్న తీగ రోజురోజుకీ సాగుతుంది, రోజూ నట్టు బిగించమంటుంది, ఒక రోజు టప్‌మంటుంది. కడ్డీ అయితే వంగిందా అని చూడు.

ఇక నన్నే బకరా చేసిన సంగతి ఒకటి చెబుతాను. సొంత షెడ్డు పెట్టిన కొత్తలో ఒక జీపు నీ బండి లాగే వారం వారం వచ్చేది. మొదటిసారి తీగ మార్చాను. రెండోసారి పిన్నులు మార్చాను. మూడోసారి గేర్‌బాక్సు దింపి ఫోర్కు చూశాను, శుభ్రంగా ఉంది. కూలి అడగడానికి నాకే మొహం చెల్లలేదు. చివరకు మా షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు, బండి కింద పడుకుని నిద్రపోయినట్టు ఉన్నవాడు, "అన్నా, మట్టి నవ్వుతోంది" అన్నాడు. ఏమిట్రా అని చూస్తే, క్రాస్ షాఫ్ట్ గుండు బిగించిన బ్రాకెట్ చాసిస్‌ని అంటుకున్న చోట మట్టి పేరుకుపోయి ఉంది. పెడల్ తొక్కినప్పుడల్లా ఆ మట్టిలో సన్నని గీత తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. లోపల వెల్డింగ్ పగిలి బ్రాకెట్ మొత్తం ఊగుతోంది. పెడల్ తొక్కకుండా చూస్తే జన్మలో కనపడదు. అప్పటి నుంచి నేను వెతికే ముందు బండి కడగను. అందరూ కడిగి చూస్తారు, నేను మట్టితోనే చూసి తర్వాత కడుగుతాను. మట్టి ఎక్కడ పగిలితే అక్కడ ఇనుము కదులుతున్నట్టు.

ఫోర్కు కూడా లోపల ఒక గుండు మీదే ఊగుతుంది. అది అరిగినా, ఫోర్కు పగిలినా ఇదే లక్షణం. దాన్ని సరిచేయాలంటే గేర్‌బాక్సు దింపాలి కాబట్టి బయట అన్నీ బాగున్నాయని తేలాకే అక్కడికి పో. ఫోర్కు బయటికి వచ్చే రంధ్రంలోంచి టార్చి వేసి, పెడల్ తొక్కిస్తూ చూస్తే కొంత అర్థమవుతుంది. ఫోర్కు నేరుగా వెనక్కీ ముందుకీ పోవాలి. మెలి తిరుగుతున్నట్టు కనిపిస్తే లోపల పని ఉంది.

బయటి పనులన్నీ అయ్యాక సెట్టింగు. ముందు చెక్ నట్టు (సెట్టింగు కదలకుండా పట్టే రెండో నట్టు) వదిలి, అడ్జస్టింగ్ నట్టు పూర్తిగా వెనక్కి తిప్పి ఫోర్కుని వదిలేయి. ఫోర్కుని చేత్తో కదిలిస్తే బేరింగు ఫింగర్లకు తగిలే చోటు తెలుస్తుంది. అంతవరకూ ఆట, ఆ తర్వాత గట్టి. ఇప్పుడు నట్టు తిప్పుతూ రా. పెడల్‌ని కాలితో కాదు, చేత్తో నొక్కి కొలవాలి. కాలికి ఆ తేడా తెలియదు. పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి, తేలిగ్గా పోయే దూరం ముప్పావు అంగుళం నుంచి అంగుళంపావు మధ్య ఉండేలా పెట్టు. నేను పెట్టేది అంగుళం. చెక్ నట్టు బిగించేటప్పుడు లోపలి నట్టు దానితోపాటు తిరగకుండా ఇంకో స్పానర్‌తో పట్టుకో, బిగించాక మళ్లీ ఒకసారి కొలువు. బిగించేటప్పుడే సెట్టింగు మారిపోవడం నేను వందసార్లు చూశాను. పెడల్‌ని పైకి లాగే స్ప్రింగు లేకపోయినా, సాగిపోయినా నీ కొలత అంతా అబద్ధం. ఆ స్ప్రింగు చవక, కొత్తది వెయ్యి. కొందరు సైకిల్ ట్యూబు ముక్క కడతారు. ఎండకు సాగిపోతుంది, వద్దు.

అంగుళం ఆట పెట్టాక రివర్స్ పరీక్ష మళ్లీ చెయ్యి. చప్పుడు లేకుండా పడితే పని అయినట్టే. రోజూ ఒకే వేళకు, బండి తీసే ముందు, స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకో. వారం రోజులు అంగుళం దగ్గరే ఉందంటే దొంగ దొరికినట్టు. మళ్లీ పెరుగుతోందంటే ఇంకొకడు ఉన్నాడు. కొంచెం తగ్గుతోందంటే సంతోషించు, అది ప్లేటు న్యాయంగా అరగడం.

ఒకవేళ అంగుళం ఆటతో, కీళ్లన్నీ గట్టిగా ఉండి కూడా గేరు పడకపోతే, లేదా ఎక్కుడులో ఇంకా జారుతుంటే అప్పుడు గేర్‌బాక్సు దింపాలి. ఇన్ని వారాలు బేరింగు ఫింగర్ల మీద ఆనుకునే తిరిగింది, ప్లేటు కాలిన వాసన కూడా వచ్చింది. బేరింగు పోయి ఉండొచ్చు. పెడల్ మీద కాలు ఆనించగానే జుయ్యిమని చప్పుడు వస్తే అదే. దింపినప్పుడు నువ్వు దగ్గర నిలబడు, ఫోను పక్కన పెట్టి. ప్లేటు గాజులా మెరుస్తోందా, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయా, నూనె తడి ఉందా చూడు. నూనె ఉంటే వాసన చూడు. గేర్ ఆయిల్ వాసన ఘాటుగా గంధకంలా ఉంటుంది, అలా ఉంటే గేర్‌బాక్సు సీలు. లేదంటే ఇంజిన్ వెనక సీలు. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే డబ్బు వాగులో వేసినట్టు. పాత ఫింగర్ రకం ప్రెషర్ ప్లేటు అయితే మూడు ఫింగర్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి తక్కువైనా ప్లేటు వంకరగా లేస్తుంది, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ప్లేటు ఏ వైపు తిప్పి వేశారో కూడా చూడు, ఉల్టా వేసినవి చూశాను.

వాన కాలంలో ఒక వేరే తమాషా ఉంది, దీనితో కలపకు. నాలుగు రోజులు బండి తీయకపోతే ప్లేటు తుప్పు పట్టి ఫ్లైవీల్‌కి అతుక్కుంటుంది. ఎంత తొక్కినా వదలదు. అప్పుడు నట్టు తిప్పితే ఉన్న సెట్టింగు కూడా చెడుతుంది. బెల్ హౌసింగ్ అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, మీ వైపు బళ్లలో అది మట్టితో పూడిపోయి ఉంటుంది. వాగు దాటిన రోజు పుల్లతో పొడిచి శుభ్రం చెయ్యి.

హైడ్రాలిక్ క్లచ్‌కి మార్పించుకోమని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇంజిన్ ఊగినా దానికి పట్టదు, తొక్కడం తేలిక, నిజమే. కానీ అది పట్నంలో సరదా జీపులు నడిపేవాళ్లకి. సీజన్‌లో ఆదివారం మధ్యాహ్నం లోయలో సీలు పోతే నీకు కిట్టు ఎవరిస్తారు? తీగా కడ్డీ అయితే బైండింగ్ వైరుతోనైనా ఇల్లు చేరతావు. నాకైతే నీ బండికి ఉన్నదే మంచిది.

తీగ తెగితే అన్నావు. ఎక్కుడులో అయితే అక్కడే ఆపి రాళ్లు పెట్టు, ప్రయోగాలు చెయ్యకు. చదునుగా ఉండి, ముందు మనుషులు లేకపోతే, ఇంజిన్ ఆపేసి, ఫోర్ వీల్ 'లో' రేంజిలో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే అమరికలో) మొదటి గేరు వేసి, సెల్ఫ్ కొట్టు. బండి ఎగిరి కదులుతూనే స్టార్టవుతుంది. ఆ గేరులోనే నడిచే మనిషి వేగంతో వెళ్లిపో, మార్చకు. ఆపాలంటే ఇంజిన్ ఆపడమే. బ్రేకు ఒక్కటే తొక్కితే లో రేంజిలో ఇంజిన్ బండిని తోస్తూనే ఉంటుంది. ఇది ఖాళీ బండితో మాత్రమే చెయ్యి. టూరిస్టులను ముందే దింపెయ్యి, కటికికి చివర్లో ఎలాగూ నడవాల్సిందే కదా, ఇంకొంచెం ముందు నుంచి మొదలుపెడతారు.